దయచేసి దుమ్ము దులపకండి

బుధవారం పొద్దున్న బెల్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే గంట ముందు ఆఫీసు తెరవాలి. పన్నెండు నిబంధనల్ని పన్నెండు చోట్ల పెట్టాలి. తర్వాత ఎప్పటిలాగే కూజాలు నింపి, బల్లలు తుడిచి, గంట మోగేదాకా స్టూలు మీద కూర్చోవాలి. శనివారం పరీక్ష.

బెల్లు అతని అసలు పేరు కాదు. నీటి సరఫరా ఆఫీసులో అటెండరుగా చేరిన మొదటి రోజు, ఆఫీసరు గదిలో గంట మోగగానే పరిగెత్తబోయి గడప తట్టుకుని పడ్డాడు. ఆ పూట తగిలించిన పేరు ముప్పై ఏళ్ళయినా ఊడలేదు. తగిలించినవాడు రిటైరై, పోయాడు కూడా. బెల్లు అతన్ని ఇంకా క్షమించలేదు.

క్షమించడం అతనికి రాని విద్య. పల్లెటూరి బడిలో తన పలక చూసి "వీడి బుర్రలో గుమ్మడికాయ గుజ్జుందిరా" అన్న పంతుల్ని క్షమించలేదు. ఆ మాట నమ్మి బతికినందుకు తనను తాను క్షమించుకోలేదు. పన్నెండేళ్ళ కిందట చెప్పాపెట్టకుండా తనకంటే ముందే పోయినందుకు భార్యను క్షమించలేదు. గుమాస్తా పరీక్ష నాలుగుసార్లు రాశాడు, నాలుగుసార్లూ తప్పాడు. వచ్చే నెలకి యాభై నిండుతాయి. యాభై నిండినవాణ్ణి ఆ పరీక్షకి కూర్చోనివ్వరు. ముప్పై ఏళ్ళుగా ఇరవై కుర్చీలు తుడిచిన మనిషికి, అందులో ఒక్క కుర్చీలో కూర్చునే హక్కు దొరకాలంటే ఈ శనివారమే ఆఖరు.

అతని కోడలు ముందు గదిలో పిల్లల్ని పరీక్షలకి తయారుచేస్తుంది. రెండు నెలలుగా గోడవైపు తిరిగి నిబంధనల పుస్తకం వల్లె వేస్తున్న మామగారిని చూసి చూసి, మంగళవారం సాయంత్రం పుస్తకం లాక్కుంది.

"మామయ్యా, ఇలా ఊగుతూ చదివితే నూరేళ్ళకీ ఎక్కదు."

"ఎక్కదని బడిలోనే చెప్పారమ్మా."

"తప్పు మీ బుర్రది కాదు, పద్ధతిది. కళ్ళు మూసుకున్నా మీకు కనిపించే చోటు ఒకటి చెప్పండి. ఈ ఇల్లే అనుకోండి..."

"ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తెలీదు. ఆఫీసైతే తెలుసు."

"సరే, ఆఫీసే. గుమ్మం దగ్గర మొదలెట్టి వరసగా నడవండి. ఒక్కో చోట ఒక్కో నిబంధన పెట్టండి. ఊరికే పెడితే నిలవదు. బొమ్మ కట్టాలి. నవ్వొచ్చే బొమ్మ, వెర్రి బొమ్మ. మనసు బుద్ధిమంతుల్ని మర్చిపోతుంది గానీ వెర్రివాళ్ళని మర్చిపోదు."

"అయితే మా ఆఫీసు బాగా పనికొస్తుంది," అన్నాడు బెల్లు.

అలా బుధవారం ఉదయం ఖాళీ ఆఫీసులో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొదటి కుర్చీ పెద్ద గుమాస్తాది. ఆయన పదకొండింటికి వస్తాడు గానీ ఆయన పచ్చ తువ్వాలు తొమ్మిదిన్నరకే కుర్చీ మీద ఉంటుంది. అది ఇంటికే వెళ్ళదు. ఎవరైనా అడిగితే ఆ తువ్వాలు చూపించి "ఇప్పుడే ఇటు వెళ్ళారు" అనడం బెల్లు విధుల్లో ఒకటి. ఆ తువ్వాలుకి గైరుహాజరు నిబంధన కట్టాడు: మొదటిసారి మందలింపు, రెండోసారి జీతం కోత, మూడోసారి విచారణ. బొమ్మ కావాలి కదా. పెద్ద గుమాస్తా ఆ తువ్వాలు తలకు చుట్టుకుని, గేదెనెక్కి, కిటికీలోంచి బయటికి పోతున్నాడు. గేదె మూడుసార్లు అరిచింది.

టైపిస్టు దగ్గర రహస్య పత్రాల నిబంధన: రెండు కవర్లు, లోపలిదానికి లక్క ముద్ర. ఆమెను క్యాబేజీలాగా రెండు పొరల్లో చుట్టి నుదుట లక్క పోశాడు. స్టోరు కీపరు దగ్గర సరుకు నిబంధన: ఏడాదికి రెండుసార్లు సరిచూడాలి, తేడా వస్తే వారంలోగా పై ఆఫీసుకి చెప్పాలి. స్టోరు కీపరు ఇత్తడి కుళాయిల మీద కోడిపెట్టలా పొదుగుతున్నాడు. ఏడో రోజున కుళాయిలు పిల్లలై పారిపోతున్నాయి. నేల నుంచి కప్పుదాకా పేరుకున్న ఫైళ్ళ గుట్ట మీద, ఏ కాగితం ఎన్నేళ్ళు ఉంచాలన్న నిబంధన. పైన చావులేని తాబేలు, దాని కింద పదేళ్ళ పిల్ల, ఆ కింద మూడేళ్ళ మేక, అందరినీ మోస్తూ అడుగున ఏడాది నిండిన పసివాడు. నాలుగూ ఇరవైకి ఆగిపోయిన గోడ గడియారం ముల్లుకి ఒక అర్జీదారుణ్ణి వేలాడదీశాడు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వాడి గడ్డం నేలకి తగులుతుంది. పదకొండోది ఆఫీసరు గది. ఆఫీసరు జీపుకి తాడు కట్టి పళ్ళతో లాగుతున్నాడు. ప్రభుత్వ వాహనం సొంత పనికి వాడకూడదు.

పన్నెండోది పదవీ విరమణ. దాన్ని తన స్టూలు మీద పెట్టాడు. అక్కడ వెర్రి బొమ్మ అక్కర్లేకపోయింది. తనే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కోడలు పుస్తకం తెరిచి పట్టుకుంది. బెల్లు కళ్ళు మూసుకుని గుమ్మం దాటాడు. తువ్వాలు అక్కడే ఉంది. గేదె మూడుసార్లు అరిచింది. మందలింపు, కోత, విచారణ. పక్క బల్లకి వెళ్ళాడు. అక్కడా ఉంది. పన్నెండు చోట్లా, ఎక్కడ పెట్టింది అక్కడే, అప్పుడే దించిన మూటలా ఉంది. "తొమ్మిదోది చెప్పండి," అంది కోడలు. చెప్పాడు. "వెనకనించి రండి." పన్నెండు నుంచి ఒకటికి నడుచుకుంటూ వచ్చాడు. ఎక్కడా కాలు తడబడలేదు.

కళ్ళు తెరిచేసరికి కోడలు పుస్తకం మూసేసి ఉంది. ఎప్పుడు మూసిందో తెలియదు.

"ఒక్క ముక్క కూడా పోలేదు మామయ్యా," అంది నెమ్మదిగా, గుళ్ళో మాట్లాడినట్టు.

బెల్లు తల తడుముకున్నాడు. యాభై ఏళ్ళుగా మోస్తున్న తల. గుమ్మడికాయ గుజ్జు అనుకున్నదాంట్లో ఇరవై బల్లలు, ఒక గేదె, ఒక తాబేలు, ఒక జీపు పట్టాయి. ఇంకా చోటుంది. రాత్రి అన్నం తింటూ మధ్యలో రెండుసార్లు ఆగి, లోపలికి తొంగి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

గురువారం ఆఫీసులో ప్రతి చోటా ఆగి ఒకసారి సరిచూసుకోవాలనుకున్నాడు. తప్పు అక్కడ జరిగింది. చోట్లు ఖాళీగా లేవు. వాటిలో మనుషులున్నారు.

ఆ రోజు ఏ గాలి వీచిందో పెద్ద గుమాస్తా పదింటికే వచ్చాడు. బెల్లు ఆయన ముందు నిలబడి, తువ్వాలు వైపు తేరిపార చూసి, "మొదటిసారి మందలింపు... రెండోసారి కోత... మూడోసారి విచారణ," అని గొణిగాడు. గేదె గుర్తొచ్చింది. నవ్వాడు. ముప్పై ఏళ్ళలో బెల్లు నవ్వడం ఎవరూ చూడలేదు. పెద్ద గుమాస్తా తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

తర్వాత టైపిస్టు. ఆమె ఆఫీసు కంప్యూటరు మీద బయటివాళ్ళ పుస్తకాలు టైపు చేస్తుంది. "లోపలి కవరు... పైన ఇంకో కవరు... లక్క," అని ఆమె నుదుటివైపు చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. తర్వాత స్టోరు కీపరు. "తేడా వస్తే వారంలో పైకి చెప్పాలి," అన్నాడు బెల్లు, ఆయన కూర్చున్న చోటు కిందికి వంగి చూస్తూ. స్టోరు కీపరు ఇంట్లో పన్నెండు ప్రభుత్వ కుళాయిలున్నాయి. ఇల్లు కట్టినప్పటి నుంచీ ఉన్నాయి.

మధ్యాహ్నానికి ముగ్గురూ స్టోరు గదిలో తలుపేసుకున్నారు.

"విజిలెన్సు వాళ్ళు పెట్టిన మనిషి," అన్నాడు పెద్ద గుమాస్తా.

"బెల్లా? వాడికి నోట్లో నాలుకే లేదు కదండీ!" అన్నాడు స్టోరు కీపరు.

"అందుకే పెట్టారు. నోరున్నవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? ముప్పై ఏళ్ళ నించి మన మధ్యే తిరుగుతున్నాడు. వాడికి తెలీకుండా ఏం మిగిలుంటుంది?"

"నన్ను చూసి లక్క అన్నాడు," అంది టైపిస్టు ఏడుపు గొంతుతో. "ముద్ర వేసి పంపించేశాడేమో నా పేరు."

"నా కుర్చీ కింద చూశాడు," అన్నాడు స్టోరు కీపరు. "ఇంట్లో కుళాయిలు నా కుర్చీ కిందికి ఎలా వస్తాయండీ? అంటే, వాడికి ఇంటి సంగతి కూడా తెలుసు."

ఈ తర్కం అందరికీ గట్టిగానే తోచింది. ముగ్గురూ ఎవరి తప్పు వాళ్ళు దిద్దుకోవాలని నిర్ణయించుకున్నారు.

టీ వేళకి బెల్లు మళ్ళీ ఒక చుట్టు వేద్దామని లేచాడు. గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. తువ్వాలు లేదు. పదేళ్ళ తువ్వాలు, ఎండకి ఒక పక్క వెలిసిపోయి, కుర్చీకి తోలులా అంటుకుపోయిన తువ్వాలు లేదు. తువ్వాలు ఉండాల్సిన చోట పెద్ద గుమాస్తా ఉన్నాడు. పనిచేస్తున్నాడు.

"అయ్యా, తువ్వాలేదండీ?"

"ఇంటికి పంపించేశానయ్యా. ఇక ముందు ఇక్కడ అది కనపడదు. నా మాట నమ్ము."

"తీయకండి బాబూ! ఎక్కడిది అక్కడే ఉండాలి. శనివారందాకా ఎవరూ ఏదీ కదపొద్దు!"

పెద్ద గుమాస్తా ముఖం సున్నం కొట్టినట్టయింది. బెల్లు వెనక్కి తిరిగాడు. ఫైళ్ళ గుట్ట ఎక్కి జూనియర్ గుమాస్తాలు దుమ్ము దులుపుతున్నారు. తాబేలు, మేక, పసివాడు మబ్బులా లేచి కిటికీలోంచి పోతున్నారు. "దయచేసి దుమ్ము దులపకండి!" అని చేతులు జోడించాడు బెల్లు. "అది కూడా కావాలి నాకు!"

"సాక్ష్యం చెరపొద్దంటున్నాడు," అని పెద్ద గుమాస్తా టైపిస్టు చెవిలో అన్నాడు. "దుమ్ము మీద వేలిముద్రలుంటాయి." దాంతో వాళ్ళు ఇంకా వేగంగా దులిపారు. అదే సమయానికి స్టోరు కీపరు నిచ్చెన మీద నిలబడి, పదకొండేళ్ళుగా ఆగిన గడియారానికి సొంత ఖర్చుతో కొత్త బ్యాటరీ వేశాడు. ముల్లు కదిలింది. బెల్లు చూస్తూ ఉండగానే అర్జీదారుడు జారి పడిపోయాడు.

ముప్పై ఏళ్ళలో ఒక్క గుండుసూది జరగని ఆఫీసు. పై అధికారులు పద్నాలుగు సర్క్యులర్లు పంపినా కదలని ఆఫీసు. ఒక అటెండరు నిలబడి చూసినందుకు ఒక్క పూటలో మారిపోతోంది. ఆ సంగతి అర్థమయ్యి ఉంటే బెల్లు కూడా ఆశ్చర్యపోయేవాడు. అతనికి అర్థమయ్యింది ఒక్కటే. తను దాచుకున్న చోటల్లా వీళ్ళు తవ్వేస్తున్నారు.

శుక్రవారం పొద్దున్నే గంట మోగింది. ఆఫీసరు గదిలో తలుపు దగ్గరగా వేసి ఉంది.

"రా... రండి. కూర్చోండి."

"నిలబడతాను సార్. అలవాటు."

"మీరు ఏం చేస్తున్నారో నాకు తెలిసింది."

బెల్లు తల దించుకున్నాడు. "ఈ వయసులో ఇదేం పనని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు సార్."

"అబ్బే, నవ్వేదేముంది! ఎవరు పురమాయించారు?"

"మా కోడలు సార్."

"ఆవిడేం చేస్తారు?"

"ఇదే పని సార్. చాలామందిని తయారుచేసింది. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరి మీద ఏ నిబంధన ఉందో వరసగా గుర్తుపెట్టుకోమంది. రోజూ సాయంత్రం అప్పజెప్పించుకుంటుంది."

ఆఫీసరు గ్లాసులో నీళ్ళు తాగాడు. కూజాలో నీళ్ళు కూడా తాగాడు.

"నా మీద ఏమైనా...?"

"ఉంది సార్. పదకొండోది. ఆఫీసు వాహనం సొంత పనికి వాడటం."

రోజూ ఆఫీసరు పిల్లల్ని బడికీ, భార్యను బజారుకీ, అత్తగారిని ఆసుపత్రికీ తిప్పే జీపు ఆ క్షణంలోనే కిటికీ బయట వచ్చి ఆగింది. ఆఫీసరు లేచి తెర లాగేశాడు.

"ఇదంతా ఎప్పటికి తేలుతుంది?"

"రేపటితో తేలిపోతుంది సార్. అటో ఇటో."

బెల్లు బయటికి రాగానే ఆర్డరు వెలువడింది. సాయంత్రం ఐదు గంటల్లోగా ఆఫీసు కొత్తదిలా కనపడాలి. గోడలకి సున్నం వేయాలి. బల్లలన్నీ నిబంధనల ప్రకారం ఒక వరసలోకి రావాలి. ఆఫీసు మధ్యలో ఒక చేతుల కుర్చీ వేసి బెల్లుని అందులో కూర్చోబెట్టారు. ఆయన చేత మాత్రం ఒక్క వస్తువు ముట్టించొద్దని ఆఫీసరు స్వయంగా చెప్పాడు.

అతను ఆ ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. కూర్చుని, తన జ్ఞాపకాన్ని పరాయివాళ్ళు భుజాల మీద మోసుకుపోవడం చూశాడు. గైరుహాజరు నిబంధనని పెద్ద గుమాస్తా ఒక కొసా, జూనియర్ గుమాస్తా ఒక కొసా పట్టుకుని ఉత్తరం గోడకి చేర్చారు. రహస్య పత్రాలు కిటికీ పక్కకి వెళ్ళాయి. స్టోరు కీపరు ఇంటి నుంచి గోనెసంచి తెచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అలమరలో ఒంపాడు. లోపల ఇత్తడి ఖంగుమంది. టైపిస్టు అడక్కుండానే టీ తెచ్చి ఇచ్చింది. "చక్కెర సరిపోయిందాండీ?" అంది. ముప్పై ఏళ్ళుగా ఆమెకీ, ఆమె ముందున్న ఆమెకీ టీ మోసినవాడు ఆ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆఖరికి అతని స్టూలు కూడా తీసేశారు. పదవీ విరమణ కూడా పోయింది.

ఐదింటికి ఆఫీసు తెల్లగా, వరసగా, పాలలో ముంచి తీసినట్టు ఉంది. అందులో ఒక్క నిబంధన కూడా లేదు.

ఇంటికి వెళ్ళి మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"అంతా పోయిందమ్మా. మోసుకుపోయారు. నా ఎదురుగానే."

కోడలు సంగతంతా విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు గోడవైపు తిరిగింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది.

"మామయ్యా, వాళ్ళు బల్లలు మోశారు. మీ బల్లలు కాదు. ఒక్కసారి కళ్ళు మూసుకోండి."

"చూసేదేముంది, సున్నం."

"మూసుకోండి."

మూసుకున్నాడు. ముందు సున్నమే కనపడింది. కాసేపటికి దాని వెనకనుంచి, తెర పక్కకి జరిగినట్టు, పచ్చ తువ్వాలు కనపడింది. ఎండకి వెలిసిన పక్కతో సహా. గుట్ట ఉంది, దాని మీద దుమ్ము ఉంది, దుమ్ములో తన వేళ్ళ గీతలున్నాయి. నాలుగూ ఇరవై. కూజా అంచు మీద పెచ్చూడిన చోటు. లోకంలో ఇక ఎక్కడా లేని ఆఫీసు. దాన్ని తెల్లారేలోగా ఎవరూ కూల్చలేరు, ఏ ఆఫీసరూ సున్నం వేయించలేడు. అది నిలబడి ఉన్నది ఒక్క చోటే. పంతులు గుజ్జు అన్న చోట.

ఇంకొంచెం లోపలికి నడిచాడు. ఆఫీసు అయిపోయాక ఒక గోడ ఉండాలి. గోడ లేదు. ఒక వంటగది తలుపు ఉంది, ఓరగా తెరిచి. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. ఆ చప్పుడు అతనికి తెలుసు. పన్నెండేళ్ళయింది విని. చేయి చాపబోయి, వెనక్కి తీసుకున్నాడు. రేపు పరీక్ష.

కళ్ళు తెరిచి, "ఉంది," అన్నాడు. "అంతా ఉంది." ఆ మాట పైకి అనడానికి భయం వేసింది.

శనివారం పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం బోర్లించి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పావుగంటకి పర్యవేక్షకుడు వచ్చి భుజం తట్టాడు.

"ఏమండీ, నిద్రొస్తే ఇంటికెళ్ళండి."

"నిద్ర కాదండీ. ఆఫీసులో ఉన్నాను."

"అక్కడా ఇంతేనా?" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఏడో ప్రశ్న దగ్గర తెల్ల సున్నం అడ్డొచ్చింది. ఫైళ్ళ గుట్ట ఉండాల్సిన చోట ఖాళీ గోడ మెరిసింది. బెల్లు గాభరాపడలేదు. మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి, మొదటి నుంచి నడిచాడు. గేదె అరిచింది. కుళాయిలు పారిపోయాయి. గుట్ట దగ్గరికి వచ్చేసరికి అడుగున పసివాడు ఏడుస్తున్నాడు: ఏడాది. మిగతావి వాడి మీదే ఉన్నాయి. మూడు గంటలు రాసి, గంట కొట్టాక కూడా కాగితం ఇవ్వడానికి మనసొప్పకపోయినా, ఇచ్చాడు.

ఆరు వారాలకి ఫలితాలు వచ్చాయి. మొత్తం శాఖలో మొదటివాడు బెల్లు. కోడలు పేపరు రెండుసార్లు చదివి వినిపించింది. అతను మూడోసారి తనే చదువుకున్నాడు. అదే పేరుతో వేరే అటెండరు ఎవరైనా ఉన్నాడేమోనని అడ్రసు కూడా చూశాడు.

ఆఫీసరు ఆలస్యం చేయలేదు. ఇంతటి నిశిత దృష్టి గల ఉద్యోగి తమ చిన్న ఆఫీసులో వృథా అవుతున్నాడనీ, వెంటనే విజిలెన్సు విభాగానికి తీసుకోవలసిందనీ పైకి ఉత్తరం రాశాడు. ఎలాగూ వాళ్ళ మనిషే కదా, వాళ్ళ దగ్గరే ఉంటే మంచిదని ఆయన ఉద్దేశం. పైవాళ్ళకి ఒక ఆఫీసు తనంతట తాను ఉద్యోగిని వదులుకోవడం ఎన్నడూ అనుభవంలో లేదు. వెంటనే ఒప్పుకున్నారు. వీడ్కోలు సభలో స్టోరు కీపరు వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత సంతోషం ఆయన జీవితంలో ఎరగడు.

కొత్త ఆఫీసులో బెల్లుకి కిటికీ పక్క బల్ల ఇచ్చారు. చేతుల కుర్చీ ఇచ్చారు. కూర్చుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకున్నాడు. అటెండరు వచ్చి మంచినీళ్ళు పెట్టాడు. బెల్లు లేచి నిలబడబోయి, గుర్తొచ్చి కూర్చున్నాడు.

మొదటి ఫైలు వచ్చింది. లోపల సంతకం లేని ఆకాశరామన్న అర్జీ. నీటి సరఫరా ఆఫీసులో బెల్లు అనే మారుపేరుతో తిరిగిన ఒక అటెండరు, తాను విజిలెన్సు మనిషినని నమ్మించి, సిబ్బందిని బెదిరించి, గడియారం బాగు చేయించి, ఫైళ్ళు సర్దించి, సొంత ఇళ్ళలోని కుళాయిలు ఊడబెరికించి, అందరి చేతా రెండు రోజులు అక్రమంగా పని చేయించాడని అందులో ఉంది. పైన ఎర్ర సిరాతో పై అధికారి రాత: ఈ బెల్లు ఎవరో, అతని గుణగణాలేమిటో విచారించి, కొత్త గుమాస్తా వారంలోగా నివేదిక ఇవ్వవలెను.

బెల్లు కలం మూత తీశాడు. ఒక మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయాలని అతనికి అనిపించడం, యాభై ఏళ్ళలో అదే మొదటిసారి.